మూడో పాటకీ నాలుగో పాటకీ మధ్య

జూన్ 4, మధ్యాహ్నం మూడున్నర

నా పేరు చెవులమ్మ. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. అది కార్డుల్లో ఉంటుంది, దాంతో పిలిస్తే నేను పలకను. వయసు డెబ్బై ఎనిమిది. ఇంట్లో ముగ్గురం. నేను, నా కొడుకు, కోడలు. కొడుకు ఆంప్లిఫయర్లు రిపేరు చేస్తాడు. కోడలు కళ్ళ డాక్టరు దగ్గర పేషెంట్లకి నంబర్లు ఇచ్చి కూర్చోబెడుతుంది. నాకు చదువు రాదు, సంతకం రాదు. ఎడమచేతి బొటనవేలుంది.

ఇది రాస్తున్నది పిచిక కూతురు. ఆఫీసుల ముందు బల్ల వేసుకుని అర్జీలు టైపు చేస్తుంది. యాభై ఏళ్ళ మనిషి, నేను మాత్రం అమ్మాయి అనే అంటాను. ఇంతమంది రాసేవాళ్ళుండగా ఈ పిల్లే ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు ఒకటే. ఇది దాని తల్లి కేసు.

నలభై నాలుగేళ్ళ కిందట రికార్డుల ఫ్యాక్టరీలో ప్రెస్సు మీద పనిచేసిన పిచిక ఒక రోజు సాయంత్రం నాలుగింటికి గేటు దాటి, ఒక లారీ డ్రైవరుతో వెళ్ళిపోయిందని ఒక కాగితం ఉంది. ఆ కాగితం కింద సాక్షిగా నా వేలిముద్ర ఉంది. దాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను. పిచిక గేటు దాటలేదు. ప్రెస్సు గది నేల కింద ఇనుప మూత ఉన్న నీళ్ళ తొట్టి ఒకటి ఉండేది. పిచిక అందులో ఉంది.

ఫ్యాక్టరీ కూలగొట్టారు. ముప్ఫయ్యో తారీఖున నేలంతా కాంక్రీటు పోస్తారట, దాని మీద కార్లు నిలబెడతారట. ఈలోగా తవ్వించాలి. తొట్టిలోంచి దాన్ని తీయించాలి, కాగితంలోంచి ఆ లారీ డ్రైవర్ని తీయించాలి.

కోర్టు మాటలేవీ కలపకు, నా నోట్లోంచి వచ్చిందే రాయి అన్నాను. అలాగే పెద్దమ్మా, రోజూ తారీఖు వేసి రాసుకుందాం, చివర్లో చేరుస్తాను అంది. దాని చెయ్యి వణకడం లేదు. తల్లి చెయ్యీ అంతే.

జూన్ 5, మధ్యాహ్నం

ఇవాళ పని సంగతి రాయించాను. అది తెలియకపోతే ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి నా కేసు తలా తోకా అర్థం కాదు.

పిచిక ప్రెస్సు గదిలో. అది పొట్టి మనిషి, హ్యాండిలు అందక పెట్టె మీద ఎక్కి లాగేది. వేడి ప్లాస్టిక్ ముద్ద అచ్చుల మధ్య నలిగి నల్లటి రికార్డయి వచ్చేది. గోడకి ఇవతల చెకింగ్ గది. అక్కడ నేను. వందకి నాలుగు రికార్డులు తీసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి. చిటుకు ఉంటే రిజెక్టు. ఊగులాట ఉంటే రిజెక్టు. ఇంగ్లీషు రాక్ ఎల్పీలన్నీ నాకే తోసేవారు. చదువుకున్న ఆడవాళ్ళు తలనొప్పి అని తప్పించుకునేవారు.

అట్ట మీద అక్షరాలు నాకు చీమలు పాకినట్టుంటాయి. కాని ఆ నల్ల రేకుని వెలుతురుకి వంచితే, ఏ పాట ఎక్కడ విరుచుకుపడుతుందో, ఎక్కడ తగ్గి గొణుగుతుందో, గీతల మెరుపులో కనబడేది. పాటకీ పాటకీ మధ్య సన్నటి నునుపు. దాన్ని ఖాళీ అనేవాళ్ళం. పాటలు ఎవడైనా వింటాడు, ఖాళీని వినడమే పని. నా పేరు అక్కడ పుట్టింది.

జూన్ 6

ఎలా మొదలైందో రాయమంది అమ్మాయి.

పోయిన నెల కొడుకు ఒక టర్న్‌టేబులూ ఒక అట్టపెట్టెడు ఎల్పీలూ తెచ్చాడు. కస్టమరు చనిపోయాడట, వాళ్ళింట్లోవాళ్ళు తీసుకెళ్ళమన్నారట. కోడలు ముక్కు మూసుకుని, ఈ పాత చెత్త మళ్ళీ ఇంట్లోకా, బొద్దింకలు చాలవా అంది. నేను కుర్చీలోంచే చూశాను. మీద ఉన్నది గొడుగుల అట్ట. ఖాళీ మైదానంలో వరసగా నల్ల గొడుగులు, విప్పి నిలబెట్టినవి. ఒక్కదాని కిందా మనిషి లేడు. పేరు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆ అట్టని చూసి నా మోకాళ్ళ నొప్పి మర్చిపోయి లేచాను.

కొడుకు సూది దించాడు.

ఏం చెప్పను! మొదటి పాట పరుగెత్తే పాట. బేస్ వాయించేవాడు వెంట్రుకవాసి ఆలస్యం. గడియారంలా వాయిస్తే ఆ పాట చచ్చేది, వాడి ఆలస్యంతోనే దానికి నడుము ఊపు వచ్చింది. రెండో పాటలో గొంతెత్తే ముందు పాడేవాడు ఊపిరి పీలుస్తాడు. ఆ ఊపిరి కోసం అంత పాటా వినొచ్చు. ఒక్క ముక్క అర్థం కాదు నాకు. అయినా వాడు ఎవత్తెనో తిడుతున్నాడనీ, ఆవిడ నిజంగా వెళ్ళిపోతే వాడు రెండు రోజులు కూడా బతకడనీ తెలుసు. కోడలు వచ్చి, అత్తయ్యా, కుక్కలు కొట్టుకుంటున్నట్టుంది, మీరు తలూపుతున్నారేంటి అంది. నువ్వు నీ సీరియళ్ళు చూసి ఏడవడం లేదా, నన్ను తలూపనీ అన్నాను.

నలభై ఏళ్ళ పైన అయింది విని. ప్రతి చోటూ గుర్తుంది. ఎక్కడ డ్రమ్ముల పుల్ల అంచుకి తగులుతుందో, ఎక్కడ గిటారువాడు తప్పు వాయించి దాన్ని ఒప్పు చేసుకుంటాడో. నా పెళ్ళినాటి మాటలు గుర్తులేవు, ఇవి ఉన్నాయి.

జూన్ 7

రెండో వైపు.

మొదటి రెండూ అంతంతమాత్రం. మూడోది మెల్లటి పాట. ఒక్క గిటారు, తీగ మీద వేళ్ళు జారితే సన్నటి కీచు. ఎవరో కుర్చీలో సర్దుకున్న చప్పుడు కూడా ఉంటుంది. తర్వాత ఖాళీ. తర్వాత నాలుగోది, దంపుడు పాట. డ్రమ్ములతో మొదలు. రెండు దెబ్బలు నెమ్మదిగా, ఆగి, మూడు గబగబా. ఆ ఆఖరి దెబ్బకి గిటారు, గోడ విరిగి మీద పడ్డట్టు పడుతుంది.

ఫ్యాక్టరీ అంతటిలో పిచికకీ నాకూ ఒకే పాట ఇష్టమైంది, అది దంపుడు పాట. మధ్యాహ్నం కారియర్ మూతల మీద అదే. అది రెండు కొడితే నేను మూడు. స్టోర్స్ ఆయన వచ్చి, మీకు దయ్యం పట్టిందా అనేవాడు. పిచిక, అవును, నీ మీదికి పంపమంటావా అనేది.

అమ్మాయి రాయడం ఆపి, మా అమ్మ అలా మాట్లాడేదా పెద్దమ్మా అని అడిగింది. ఆరేళ్ళప్పటి నుంచి పారిపోయినదాని కూతురనే మాట తప్ప తల్లి గురించి దానికి ఇంకో మాట ఎవరూ చెప్పలేదు. ఇంకా ఘోరంగా మాట్లాడేది అన్నాను. నవ్వింది.

జూన్ 9, మధ్యాహ్నం రెండు

ఇక అసలు సంగతి.

మే నెలలో ఆ రెండో వైపు పెట్టిన మొదటి రోజే, మూడో పాట అయ్యాక, ఖాళీలో, చప్పుడు. లోతులోంచి. రెండు నెమ్మదిగా, ఆగి, మూడు.

తర్వాత పాట మొదలైంది.

రికార్డులో చప్పుడు ఎలా దూరుతుందో నాకు తెలుసు, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అచ్చులో ఉన్నదే ముద్దలోకి వస్తుంది. ప్రెస్సు గదిలో ఎవరు అరిచినా, దగ్గినా, చచ్చినా, రికార్డు మీద గీత కూడా పడదు. కాబట్టి ఇది ఉండకూడదు. ఉంది.

జూన్ 10

కొడుకు భూతద్దం పెట్టి చూశాడు. సూది మార్చాడు. వైర్లు మార్చాడు. ఖాళీలో ఏమీ లేదమ్మా, సుయ్‌మనే హోరు తప్ప అన్నాడు. వాడికి ఒక చెవి ఎప్పుడూ మందమే.

జూన్ 11

కోడలు ఫోన్లో ఏదైనా దొరుకుతుంది. అట్ట ఫోటో తీసి వెతికి, అదే పాట పెట్టింది. ఫోన్లో సూది లేదు, రేకు లేదు. మూడో పాట అయింది. రెండు, ఆగి, మూడు.

మీకు వినబడిందా అత్తయ్యా అంది. నా మొహం చూసి ఫోను పక్కన పెట్టేసింది.

జూన్ 12

కొడుకు తెచ్చిన పెట్టెలోంచి ఇంకో రికార్డు, పసుపు లారీ బొమ్మ అట్టది, పెట్టించాను. వేరే పాటగాళ్ళు, వేరే ఫ్యాక్టరీ. మొదటి పాట భలే ఉంటుంది, ఆర్గన్ మోగితే వాన ముందు గాలి కొట్టినట్టుంటుంది. దాని కోసమే పెట్టాను, నిజంగా. మూడో పాట తర్వాత ఖాళీలో అదే చప్పుడు. ఆ రికార్డులో దంపుడు పాట లేనే లేదు.

జూన్ 13

ఇవాళ దగ్గరగా ఉంది.

జూన్ 14, మధ్యాహ్నం మూడు పది

ఖాళీ పెరుగుతోంది. గొడుగుల అట్ట రెండో వైపు మూడో పాటకీ నాలుగో పాటకీ మధ్య నాలుగు లెక్కపెడితే అయిపోయేది. నా ఉద్యోగమే ఆ లెక్క. ఇవాళ తొమ్మిది లెక్కపెట్టాను. కొడుకుని పిలిచాను. వాడు వాచీ పట్టుకుని కూర్చున్నాడు. మొదటిసారి నాలుగు సెకన్లన్నాడు. రెండోసారీ నాలుగే అన్నాడు. మూడోసారి వాచీ చెవి దగ్గర పెట్టుకుని చూసి, ఏడు అన్నాడు. తర్వాత షాపుకి టైమైందని వెళ్ళిపోయాడు. ఆదివారం వాడికి షాపు లేదు.

అమ్మాయిని వినమన్నాను. వద్దంది. కాంక్రీటు పోసే రోజు దగ్గరికొస్తోంది, ముందు అర్జీ పెడదాం పెద్దమ్మా అంది. దాని మాటే సరైనది.

జూన్ 17

నేను, కోడలు, అమ్మాయి ఆఫీసుకి వెళ్ళాం. చిన్న వయసు ఆఫీసరమ్మ. కూర్చోమంది, మంచినీళ్ళు ఇప్పించింది. చెప్పాను.

తొట్టి ప్రెస్సులని చల్లార్చే నీళ్ళది. జల్లెడకి చెత్త అడ్డం పడితే పిచికని దింపేవారు, చిన్న మనిషి గనుక. ఆడవాళ్ళని దింపకూడదని రూలు. ఆ రోజు మధ్యాహ్నం అది దిగింది. దిగాక పై ఆఫీసు నుంచి తనిఖీవాళ్ళు వచ్చారు. మా సూపర్‌వైజరు, మెడలో ఎప్పుడూ విజిల్ ఉండేది, మేం విజిలాయన అనేవాళ్ళం, మూత వేయించి దాని మీద ముడిసరుకు బస్తాలు పేర్చాడు. తనిఖీవాళ్ళు సాయంత్రం దాకా కదల్లేదు. మర్నాడు కాగితం తెచ్చి, డ్యూటీ మార్పు కాగితం, వేలు వెయ్యి అన్నాడు. వేశాను. వారంలో ఆ గది నేలకి సిమెంటు పోశారు.

ఇదంతా మీరు చూశారా అంది ఆఫీసరమ్మ. దిగుతానని పిచిక భోజనాల దగ్గర చెప్పింది, మూత మీద బస్తాలు నేను మర్నాడు చూశాను అన్నాను. మరి నలభై నాలుగేళ్ళు ఎందుకు ఊరుకున్నారు అంది. నోరు పడిపోయింది అన్నాను. నా నోరు ఎప్పుడైనా పడిపోయేదేనా అని నా పక్కన కోడలు మొహం అంది, నోటితో అనలేదు.

రికార్డు చప్పుడు సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. అది తెండి, విజిలాయన్ని కూడా పిలిపిస్తాను, ఎదురెదురుగా విందాం అంది.

జూన్ 20, సాయంత్రం

ఆఫీసు గదిలో టర్న్‌టేబుల్ పెట్టారు. నేను, కొడుకు, ఆఫీసరమ్మ, విజిలాయన. అమ్మాయి వరండాలోనే ఉండిపోయింది. ఆయనకి తొంభై దాటాయి. అల్లుడు చక్రాల కుర్చీలో తోసుకొచ్చాడు. చెవికి మిషను. ఏమమ్మా చెవులమ్మా, ఇంకా పోలేదా నువ్వు అన్నాడు. నీకు దారి చూపించి వద్దామని ఆగాను అన్నాను.

రెండో వైపు పెట్టారు. మూడో పాట. ఆయన వేళ్ళు కుర్చీ మీద తాళం వేస్తున్నాయి. గిటారు ఆఖరి తీగ ఇంకా ఆరలేదు, ఆయన చెవిలోంచి మిషను తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఖాళీ. రెండు, ఆగి, మూడు.

దంపుడు పాట మొదలైంది. ఆయన మిషను మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆఫీసరమ్మకి చప్పుడు వినబడలేదు. కాని కళ్ళున్నాయి. ఇంకోసారి పెట్టమంది. ఇంకోసారీ అంతే, మూడో పాట చివర తీశాడు, నాలుగో పాటకి పెట్టుకున్నాడు. ఎందుకు తీశారండీ అని కాగితం మీద రాసి చూపించింది. బ్యాటరీ గీ పెడుతోంది అన్నాడు. ఆ ఒక్క ఖాళీలోనే గీ పెడుతుందా అని రాసింది. అల్లుడు అడ్డొచ్చి, పెద్దాయన అలిసిపోయారు అని తోసుకుపోయాడు.

ఆవిడ తలుపు వేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అమ్మా, మిషను తీసిన మాత్రాన నేను నేల తవ్వించలేను. ఇప్పుడు వినబడేది సాక్ష్యం కాదు. ఆ రోజు ఎవరైనా ఏదైనా విన్నారా? విన్నామని వేలిముద్ర వేస్తారా? అప్పుడు తవ్విస్తాను అంది.

మోకాలు లాగుతోంది, ఇంటికెళ్ళాలి అన్నాను.

జూన్ 21, మధ్యాహ్నం

అమ్మాయి వచ్చింది. ఏం రాయను పెద్దమ్మా అంది. ఏమీ లేదు, పో అన్నాను.

జూన్ 22, మధ్యాహ్నం మూడు

ఈ రోజు రాయించేదానికి అడ్డు రాకు. రాస్తూ ఉండు. ఆపితే మళ్ళీ చెప్పలేను.

ఒక రకం రిజెక్టు ఉంది. దాన్ని ముందునీడ అనేవాళ్ళం. గట్టి పాట మొదలయ్యే ముందు, పక్క గీత ఒత్తుకుని, ఆ పాట మొదలు ఖాళీలో పీలగా ముందే వినబడుతుంది. పాట రాకముందే పాట నీడ. మంచి చెవి మాత్రమే పట్టుకుంటుంది. నేను పట్టుకునేదాన్ని, అందుకు నాకు పేరు.

ఆ మధ్యాహ్నం నా బల్ల మీద గొడుగుల అట్ట రెండో వైపు. పిచిక తొట్టిలోకి దిగే ముందు దాని చేత్తోనే లాగిన రేకులు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మూడు పది. మూడో పాట అయింది, ఖాళీలో చప్పుడు. రెండు, ఆగి, మూడు. ముందునీడ అనుకున్నాను. రిజెక్టు గీత పెట్టాను. ఇంకోటి తీశాను. అందులోనూ ఉంది. రిజెక్టు. ఇంకోటి. తొట్టి గోడ నా బల్ల కిందకి వస్తుంది. సూది బల్ల అదురుని కూడా పట్టుకుంటుంది, అది చెకింగ్‌లో చేరిన మొదటి రోజు నేర్పుతారు. నాకు తెలుసు. కాని అడుగుల చప్పుడైతే అడుగులనుకుందును, సుత్తి అయితే సుత్తి అనుకుందును. ఇది దంపుడు పాట. పాట తాళంలో, పాట ముందు వచ్చింది. అది నేను వింటానని తెలిసి, నాకు తెలిసిన చప్పుడే కొట్టింది. నాకు తెలిసిన చప్పుడు గనుకే నేను లేవలేదు.

మిగతా ఖాళీల్లో కూడా ఉండి ఉంటుంది. నేను సూది అక్కడ పెట్టలేదు. ముందునీడ దంపుడు పాట ముందే ఉండాలి గనుక అక్కడే విన్నాను.

పదిహేడు రేకులు రిజెక్టు చేశాను. విజిలాయన వచ్చి, ఇవాళ నీ చెవులకేమైంది, పాస్ చెయ్యి, తనిఖీవాళ్ళున్నారు అన్నాడు. కావాలంటే మీరు వినండి అని హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. విన్నాడు. ఆ ఖాళీ మొత్తం విన్నాడు. ఆయన మొహం నేను చూశాను. హెడ్‌ఫోన్స్ నా చేతిలో పెట్టి, ఇంకోటి పెట్టు అని వెళ్ళిపోయాడు.

పద్దెనిమిదో దాంట్లో చప్పుడు లేదు. ఖాళీ శుభ్రంగా ఉంది. మంచి రేకు అనుకుని పాస్ చేశాను.

మర్నాడు మూత మీద బస్తాలు చూసినప్పుడు నాకు అర్థమైంది. డ్యూటీ కాగితమని ఆయనన్నాడు, కాదని నాకు తెలుసు. చదవడం రాదు గాని మొహం చదవడం వచ్చు. వేలు వేశాను. నా నోరు పడిపోలేదు. వేలు వేస్తే నా తప్పు కూడా ఆ కాగితం కిందకి పోతుందనుకున్నాను.

నువ్వు వాకిట్లో కూర్చుని అమ్మ ఏదని అడిగిన రోజున నీ పక్కనుంచే పనికి వెళ్ళాను.

రాశావా? చదువు.

జూన్ 25

ఇది కోడలి రాత. ఆ రోజు అమ్మాయి కాగితాలు సర్ది, కలం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. అత్తయ్య తిండి తినడం లేదు, టర్న్‌టేబుల్ పెట్టనివ్వడం లేదు. అయినా నాకు ఇవాళ వంటింట్లో వినబడింది.

జూన్ 27, పొద్దున తొమ్మిది

అమ్మాయి వచ్చింది. నన్ను పెద్దమ్మా అని పిలవలేదు. ఇరవై రెండో తారీఖుది మొత్తం టైపు చేసి తెచ్చింది, ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట పెంచలేదు. పాత కంపెనీ దస్త్రాల గదిలో రెండు రోజులు కూర్చుని చెకింగ్ పుస్తకం కూడా వెతికి పట్టుకుంది. ఆ తారీఖు, నా వరసలో పదిహేడు గీతలు. దాని పక్కన ఎవరో ఇంగ్లీషులో, పాటకి ముందు చప్పుడు అని రాశారట.

వేలు ఎక్కడ వెయ్యాలో చూపించింది. వేశాను.

పైన నిందితుల పేర్లలో విజిలాయన ఒక్కడే ఉన్నాడు. అది తప్పు, మొదట నా పేరు వెయ్యి అన్నాను. కలంతో పైనే వేసింది.

జూన్ 29, మధ్యాహ్నం

తవ్వారు. కాంక్రీటు లారీలు రోడ్డు మీద ఆగి ఉన్నాయి.

మూత తీయడానికి మిషను కావాల్సి వచ్చింది. నీళ్ళు లేవు. పిచిక ఉంది. జల్లెడ పక్కన కాదు, చెకింగ్ గది వైపు గోడకి ఆనుకుని. చేతి దగ్గర స్పానరు. గోడ మీద సిమెంటు గుంటలు పడి ఉంది. దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. లైటు పక్కనుంచి వేసి చూడమన్నాను. రెండు ఎడంగా, మూడు దగ్గరగా. అవి చదవడం నాకు వచ్చు.

పదిహేడు రేకులు వినేంతసేపు కొట్టినదానికి అన్ని గుంటలు పడవు. చాలా రోజులు కొడితేనే పడతాయి అన్నాడు తవ్వే మేస్త్రీ. లేదా చాలా ఏళ్ళు అన్నాడు. అని, ఏదో పొరపాటున అన్నట్టు తల దించుకున్నాడు.

ఆఫీసరమ్మ అక్కడే నిలబడి పాత కాగితంలో లారీ డ్రైవరు మాట కొట్టేసి, దానిమీద సంతకం చేసింది. అమ్మాయి ఆ కాగితం అడిగి తీసుకుని, చదువుకుని, తిరిగి ఇచ్చేసింది.

జూలై 1

విజిలాయన్ని తీసుకెళ్ళడానికి వెళ్ళిన పోలీసులకి ఆయన కుర్చీలోనే కనబడ్డాడట. చెవి మిషను నోట్లో పెట్టుకుని నమిలేశాడట. బతికే ఉన్నాడు. ఆపండి, ఆపండి అంటున్నాడట. నన్ను రేపో మాపో పిలుస్తామన్నారు. సిద్ధంగా ఉన్నాను.

జూలై 3, మధ్యాహ్నం మూడు పది

అమ్మాయి ఆ పాట వింటానంది. పెట్టాం. మూడో పాట అయింది. ఖాళీ. చప్పుడు లేదు. దంపుడు పాట కూడా రాలేదు. రేకు తిరుగుతూనే ఉంది. అప్పుడు కొట్టారు, రికార్డులో కాదు, మా వీధి తలుపు మీద. రెండు నెమ్మదిగా, ఆగి, మూడు. ఈసారి నేను లేచాను. నేనే వెళ్ళి తీశాను. ఎవరున్నారో రాయించను. నేనూ కోడలూ అమ్మాయీ, ముగ్గురమూ చూశాం.

చెవులమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు: కోడలు. పిచిక కూతురు.